ఏకగ్రీవం అంటే ఒకటే మెడ

2021 ఫిబ్రవరిలో ఒక రాత్రి మా మేనత్తకు ఫోన్ చేసి, "ఏం పోతుంది అత్తా, విత్‌డ్రా చేసుకోరాదా" అన్నాను. అవతలి నుంచి చాలాసేపు మాట రాలేదు. తర్వాత, "నువ్వు గూడానా నాయనా" అని మాత్రం అని, అన్నం తిన్నావా అని అడిగి పెట్టేసింది. అప్పటికి ఆమెకు ఆ మాట చెప్పినవాళ్ళు ఎంతమందో నాకు తెలీదు. నేను ఎన్నోవాణ్నో కూడా తెలీదు. కానీ ఆ లైన్లో నేనూ నిలబడ్డాను, ఇది ముందే ఒప్పేసుకుంటే మిగతాది రాయడం సులభం.

ఊరు కర్నూలు జిల్లా పత్తికొండ వైపు. పేరు చెప్పను, చెబితే అత్త తిడుతుంది. జనాభా రెండు వేలకు కొంచెం తక్కువ. ఆసారి సర్పంచ్ సీటు మహిళలకు వచ్చింది. నామినేషన్లకు ముందు రోజు పెద్దలు ఆంజనేయస్వామి గుడి ముందర రచ్చకట్ట మీద కూర్చున్నారు. రామాలయం గోడల దాకా లేచి ఆగిపోయి ఉంది, స్లాబుకు డబ్బుల్లేవు. అందుకని పదవికి పాట పెట్టారు. ఎవరు ఎక్కువకు పాడితే వాళ్ళు ఆ డబ్బు గుడికి కట్టాలి, ఇంకెవరూ నామినేషన్ వేయకూడదు, ఊరంతా ఏకగ్రీవం. పైగా ప్రభుత్వం ఇచ్చే ప్రోత్సాహకం ఎట్లాగూ ఉంది. ఆ ఏడాది లెక్కలో 2,000 లోపు జనాభా ఉన్న పంచాయతీ ఏకగ్రీవమైతే 5 లక్షలు, 5,000 లోపైతే 10, పదివేల లోపైతే 15, ఆపైన 20 లక్షలు. గుడికి స్లాబు పడుతుంది, ఊరికి సిమెంటు రోడ్డు పడుతుంది, గొడవ ఉండదు. కాంట్రాక్టు పనులు చేసే ఒకాయన 14 లక్షలకు పాడాడు. పాడింది మొగుడు, సర్పంచ్ అయ్యేది పెళ్ళాం. ఆమె ఆ టైముకు ఇంట్లో జొన్నరొట్టెలు చేస్తోందట.

మా అత్తకు చిన్న చిల్లర దుకాణం ఉంది, మూడెకరాలు కౌలుకిచ్చిన చేను ఉంది, మామ పోయి చాలా ఏళ్ళయింది, కొడుకు బెంగుళూరులో ఉంటాడు. రాజకీయం ఏమీ లేదు. పాట అయిపోయాక అందరూ చప్పట్లు కొడుతుంటే లేచి నిలబడి ఒకటే అడిగిందట: "గుడికి దుడ్లు కావాలంటే చందా అడగండి, నేనూ ఇస్తా. ఓటు నాది గదా, దాన్ని మీరెట్ల అమ్ముతారప్పా?"

ఎవరో నవ్వారు. ఇంకెవరో, "కూర్చో వదినా, ఎండకు తల తిరుగుతాంది నీకు" అన్నారు. మరుసటి రోజు పోయి నామినేషన్ వేసి వచ్చింది.

ఏకగ్రీవం అనే మాట ఎప్పుడైనా విడదీసి చూశారా? గ్రీవం అంటే మెడ. సుగ్రీవుడు అంటే మంచి మెడ ఉన్నవాడు, హయగ్రీవుడు గుర్రం మెడవాడు, రావణాసురుడు దశగ్రీవుడు. ఏకగ్రీవం అంటే ఒకటే మెడ. రెండు వేల మంది జనానికి ఒకటే మెడ! ఈ మాటను మనం పేపర్లో రోజూ చదువుతాం, అది మంచి మాట అనుకుంటాం. నాకైతే ఒకటే మెడ అనగానే కాడి గుర్తొస్తుంది, ఎద్దుకు వేసేది. రెండు వేల మెడలకు కాడి వేయాలంటే కష్టం, ఒక్కదానికైతే అరనిమిషం పని.

సరే, మాట మీద పడి ఏడవడం ఎందుకు, అసలు విషయానికొస్తా.

ఒత్తిడి అనగానే మనకు కత్తులూ సుమోలూ గుర్తొస్తాయి. సీమ వాళ్ళమని చెబితే హైదరాబాదులో ఇప్పటికీ అదే అడుగుతారు, మీ ఊళ్ళో బాంబులుంటాయా అని. మా అత్త మీద ఎవరూ చెయ్యెత్తలేదు. గట్టిగా కూడా మాట్లాడలేదు. మొదట ఇద్దరు పెద్దమనుషులు వచ్చి కాఫీ తాగి, "నీ మంచికే చెప్తున్నాం" అన్నారు. తర్వాత ఆమె అక్కచెల్లెళ్ళు వచ్చారు. తర్వాత బెంగుళూరులో ఉన్న కొడుక్కి ఫోన్లు వెళ్ళాయి, వాడు నాకు చేశాడు, నేను ఆమెకు చేశాను. అందరం ప్రేమగానే మాట్లాడాం. అందరం అదే మాట వాడాం: ఏం పోతుంది. మన దగ్గర మనిషిని వంచే మాట ఇది, బెదిరింపు కాదు. "నలుగురితో నారాయణ అంటే ఏం పోతుంది." అనేవాళ్ళు మనవాళ్ళే కాబట్టి ఎదురు చెప్పాలంటే మొహమాటం, చెప్పకపోతే లోపల కుతకుత.

తాళ్ళపాక అన్నమయ్య కథ కడప జిల్లాలో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. వెంకటేశ్వరుడి మీద పాడినట్టే నా మీదా ఒకటి పాడు అని రాజు అడిగితే పాడనన్నాడని, సంకెళ్ళు వేయించారని చెబుతారు. మనకది ఎంత గర్వమో. ఆయనే మన వీధిలో ఉంటే? రాజు పిలిపించాడని తెలిసిన రాత్రి మనమే ఆయన ఇంటికి పోయి, "ఒక్క పాటే గదా స్వామీ, ఏం పోతుంది, ఆ తర్వాత కొండ మీదికి పోయి దేవుడికి నూరు పాడుకో" అని ఉండమా? నేనైతే కచ్చితంగా అని ఉండేవాణ్ని. కర్నూల్లో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1907లో రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీలో వందేమాతరం బ్యాడ్జీ పెట్టుకున్నందుకు చదువు పోగొట్టుకున్నాడు, మరుసటి ఏడాది పత్రికలో రాసిన రాతకు రాజద్రోహం కేసు పెట్టి మూడేళ్ళు జైల్లో వేశారు. ఆయన్ను ఇప్పుడు తలుచుకుంటాం, దండలు వేస్తాం. ఆ రోజు బ్యాడ్జీ తీసేయమని చెప్పింది తెల్ల ప్రిన్సిపాల్ ఒక్కడే అయ్యుండడని నా అనుమానం. పక్క మంచం మీద పడుకునే స్నేహితుడు కూడా అని ఉంటాడు, పరీక్ష రాసేదాకా తీసి జేబులో పెట్టుకోరా అని. ఆ స్నేహితుడు చెడ్డవాడేం కాదు. నాలాంటి వాడు.

అయితే పెద్దల పక్షాన కూడా ఒక మాట ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. మా అవ్వ చెప్పేది, ఆమె వయసులో ఉన్నప్పుడు ఎలక్షన్ వస్తే ఆడవాళ్ళు పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోయేవాళ్ళట. ఊళ్ళో రెండు పార్టీలు, రెండు వీధులు, రెండు బావులు. ఒక పార్టీ మనిషి పెళ్ళికి ఇంకో పార్టీ మనిషి పోడు. నాటుబాంబులు గడ్డివాముల్లో దాచేవాళ్ళు. సర్పంచ్ ఎలక్షన్ అయిన తర్వాత ఎవరో ఒకరి ఇంట్లో శవం లేవాల్సిందే అన్నట్టుండేది. ఆ కాలం చూసిన ముసలాయన ఒకాయన మా అత్తతో, "పోటీ అంటే మీకు ఓటు పేపర్, మాకు పాడె" అన్నాడట. ఆ మాటను నేను కొట్టేయలేను. ఏకగ్రీవం వల్ల కొన్ని ఊళ్ళలో మనుషులు బతికి ఉంటారు, నిజమే.

కానీ మనుషులు చావకుండా చూడడానికి పెట్టుకున్న పద్ధతి, మెల్లగా 14 లక్షలకు పదవి అమ్ముకునే పద్ధతి అయిపోయింది. భయం పాతది, బేరం కొత్తది. బేరాన్ని ఎవరైనా అడిగితే భయాన్ని ముందుకు తోస్తారు. ఆ ఏడాది ప్రభుత్వం ఏకగ్రీవాల కోసం పేపర్లలో పెద్ద పెద్ద ప్రకటనలు ఇవ్వడం, ఎన్నికల కమిషన్ అభ్యంతరం చెప్పడం అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ రాజకీయం నాకొద్దు, ఈ ప్రోత్సాహకాలు ఒక్క పార్టీ కనిపెట్టినవి కూడా కాదు. నాకు అర్థం కానిది ఒకటే. గొడవ లేకుండా ఎలక్షన్ జరిగిన ఊరికి డబ్బు ఇస్తే సరిపోదా, ఎలక్షనే జరగని ఊరికి ఇవ్వడం ఎందుకు?

నామినేషన్ పేపర్ మీద ప్రతిపాదించేవాళ్ళ సంతకం ఉండాలి కదా. అత్తకు ఆమె చేను కౌలుకు చేసే రైతు పెట్టాడు. విత్‌డ్రాకు రెండు రోజుల ముందు పొద్దున్నే వాకిట్లోకొచ్చి నిలబడ్డాడట. ఎవరి ట్రాక్టరూ తన చేనుకు రాదని చెప్పారు, వచ్చే పంటకు అప్పు పుట్టదని చెప్పారు. "అక్కా, సంతకం వెనక్కి తీసుకునే దారి ఏమన్నా ఉందా" అన్నాడు. అత్త ఆలోచించి, "సంతకం వెనక్కి రాదు నాయనా. నువ్వొక పని చెయ్యి, సాయంత్రం రచ్చకట్ట కాడ నలుగురూ ఉన్నప్పుడు నన్ను తిట్టు. మోసం చేసి సంతకం పెట్టించుకున్యాదని చెప్పు. గట్టిగా తిట్టల్ల, మెత్తగా తిడితే నమ్మరు" అంది. వాడు తిట్టాడు. ఏడుస్తూ తిట్టాడని దుకాణం పక్కింటామె తర్వాత నాతో చెప్పింది. ట్రాక్టర్ వచ్చింది.

నమ్మకం మీద నిలబడడం గురించి చదివినవన్నీ నాకు ఈ సంగతి ముందు తేలిపోతాయి. తను నిలబడింది సరే, పక్కవాడు నిలబడలేకపోతే వాడికి దారి కూడా తనే చూపించింది. నిలబడే మనుషుల్లో చాలామందికి ఈ గుణం ఉండదు. తమతో రాని వాళ్ళందరూ పిరికివాళ్ళు అంటారు.

చివరికి పోలింగ్ జరిగింది. అత్తకు 93 ఓట్లు వచ్చాయి. డిపాజిట్ పోయింది. ఊరికి రావాల్సిన 5 లక్షలూ పోయాయి, ఆ మాట ఆమె ఇప్పటికీ పడుతోంది. నెల రోజులు దుకాణానికి ఎవరూ రాలేదు. బీడీకట్టకు కూడా పక్క వీధికి పోయారు.

ఆ తొంభై మూడు మంది ఎవరు? రచ్చకట్ట దగ్గర పాట జరిగినప్పుడు వాళ్ళూ ఉన్నారు కదా. చప్పట్లు కూడా కొట్టి ఉంటారు. ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1950ల మొదట్లో అమెరికాలో చేసిన ప్రయోగం గురించి చదివాక కొంచెం అర్థమైంది. ఒక గదిలో ఏడెనిమిది మందిని కూర్చోబెట్టి ఒక గీత చూపిస్తారు, పక్కన ఇంకో మూడు గీతలు. మూడింట్లో ఏది మొదటిదానితో సమానమో చెప్పాలి, అంతే. చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. కానీ గదిలో ఒక్కడు తప్ప మిగతావాళ్ళంతా ఆష్ మనుషులు. 18 సార్లు అడిగితే 12 సార్లు వాళ్ళంతా కూడబలుక్కుని తప్పు చెబుతారు. ఆ ఒక్కడు ఏం చేస్తాడు? నాలుగింట మూడొంతుల మంది కనీసం ఒక్కసారైనా కళ్ళ ముందు కనిపిస్తున్నదాన్ని వదిలేసి నలుగురితో పాటు నారాయణ అన్నారు. ఆ 12 సార్లు ఇచ్చిన జవాబుల్లో దాదాపు మూడో వంతు అట్లా పోయాయి.

ఇంతవరకూ చాలామందికి తెలిసిందే. దీని తర్వాత ఆష్ చేసినవే నాకు ముఖ్యం. జవాబు పైకి చెప్పకుండా కాగితం మీద రాసివ్వమంటే గుంపు వైపు పోయేవాళ్ళు బాగా తగ్గిపోయారు. ఆ కాగితమే మన బ్యాలెట్ పేపర్, రచ్చకట్టకూ పోలింగ్ బూత్‌కూ తేడా అదే. ఇంకొకటి, గుంపులో ఒక్క మనిషి నిజం చెబితే చాలు, లొంగిపోవడం నాలుగో వంతుకు పడిపోయింది. ఆ ఒక్కడు సరైన జవాబే చెప్పాల్సిన పని కూడా లేదు. గుంపు ఒక తప్పు చెబితే వాడు ఇంకో తప్పు చెప్పినా సరే, వినేవాడికి ధైర్యం వచ్చేసింది. అంటే మనిషిని నొక్కిపెట్టేది గుంపు ఎంత పెద్దదన్నదాని కంటే ఎక్కువగా, అది ఏకగ్రీవంగా ఉండడం. ఒక్క మెడ పక్కకు తిరిగిందా, దాని పట్టు సడలిపోతుంది.

మా అత్త చెప్పింది కరెక్టా తప్పా అని ఇంట్లో ఇప్పటికీ వాదించుకుంటాం. రామాలయం పూర్తయింది, బాగుంది కూడా. శ్రీరామనవమికి అత్తే పోయి పానకం పోస్తుంది. సర్పంచ్ భర్త, అంటే పదవి పాడుకున్నాయన, వీధి లైట్లు వేయించాడు. ఆమె గెలిచి ఉంటే ఇంతకంటే బాగా చేసేదని నేను చెప్పలేను. అయినా ఆమె నామినేషన్ వేసిన మరుసటి రోజు రెండు వార్డుల్లో ఇంకో ఇద్దరు పోయి మెంబర్లకు నామినేషన్ వేశారు. ఒకతను గెలిచాడు. ఆమె వేయకపోతే వాళ్ళు వేసేవాళ్ళు కాదు, ఈ మాట అతనే చెప్పాడు.

దీన్ని పట్టుకుని ఎదురు తిరిగిన ప్రతివాడూ వీరుడు అనేస్తే అది ఇంకో మోసం. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని మనవాళ్ళు ఊరికే అనలేదు. అదే ఏడాది మా చిన్నాయన కరోనా టీకా వేసుకోనని మొండికేశాడు. నా నమ్మకం నాది అన్నాడు, ఎవరు చెప్పినా వినలేదు. జ్వరం ఆయనకొచ్చి రెండు రోజుల్లో పోయింది, ఆయన్నుంచి అవ్వకు అంటింది. అవ్వ ఆసుపత్రిలో 11 రోజులు ఆక్సిజన్ మీద ఉంది. చిన్నాయనా నిలబడ్డాడు, అత్తా నిలబడింది. తేడా ఏంది? నేను చాలాకాలం ఒక లెక్క పెట్టుకున్నాను, నిలబడినందుకు ధర ఎవరు కట్టారో చూడాలని. అత్త ధర అత్తే కట్టింది. చిన్నాయన ధర అవ్వ కట్టింది. ఈ లెక్క బాగుందనిపించేది. కానీ మరి ఊరికి పోయిన ఆ 5 లక్షలు? ఆ రోడ్డు పడక వానాకాలం బురదలో నడిచినవాళ్ళు? నోరు మూసుకున్నందుకు ఇచ్చే డబ్బు పోతే అది నష్టం ఎట్లవుతుంది అని నేను వాదించగలను, వాదిస్తాను కూడా. బురదలో నడిచిన ముసలామె ముందర మాత్రం ఆ వాదన చేయలేను.

ఇక్కడ నాకు కొంచెం సాయం చేసింది ఒక కోర్టు తీర్పు. 1985లో కేరళలో ఒకే ఇంటి పిల్లలు ముగ్గుర్ని బడి నుంచి పంపించేశారు. జనగణమన అప్పుడు వాళ్ళు మర్యాదగా లేచి నిలబడేవాళ్ళు, పాడేవాళ్ళు మాత్రం కాదు. వాళ్ళ మతంలో దేవుడికి తప్ప ఇంకెవరికీ అట్లా పాడకూడదట. హైకోర్టులో ఓడిపోయారు. సుప్రీంకోర్టు 1986 ఆగస్టులో వాళ్ళను మళ్ళీ బడిలో చేర్చుకోమంది. తీర్పు రాసింది మన తెలుగాయనే, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. మీ నమ్మకం మాకు సబబుగా అనిపిస్తోందా అన్నది కోర్టు చూడలేదు. అది నిజంగా మనసులో నుంచి వచ్చిందా, దాని వల్ల ఎవరికైనా హాని ఉందా అన్నదే చూసింది. నాకు జనగణమన పాడడం ఇష్టం. ఆ పిల్లల నమ్మకం నాకు అర్థం కూడా కాదు. అయినా అందరూ పాడుతున్నప్పుడు మూసుకున్న ఆ మూడు నోళ్ళ వల్ల ఆ పాటకు ఏ నష్టమూ జరగలేదు కదా.

ఇదంతా ఇప్పుడెందుకంటే, పోయిన నెల మా అపార్ట్‌మెంట్ మీటింగు. నేనుండేది కర్నూల్లో, 24 ఫ్లాట్లు, ఒకటే లిఫ్టు. మాటిమాటికీ చెడిపోతోందని, పనిమనుషులూ డెలివరీ పిల్లలూ ఇకమీదట మెట్లెక్కే రావాలని సెక్రటరీ తీర్మానం పెట్టాడు. పుస్తకంలో ముందే రాసుకొచ్చాడు, "ఏకగ్రీవంగా తీర్మానించడమైనది" అని. అందరూ తలలూపారు. నేను తల ఊపలేదు, అట్లని మాట్లాడనూ లేదు, పైన ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాను. అప్పుడు 302లో ఉండే రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్ లేచి, "నేను ఒప్పుకోను. ఇరవై ఎనిమిదేళ్ళు బస్సులో అందరికీ ఒకటే టికెట్ కొట్టినా. నాది రాసుకోండి" అన్నాడు. గది గమ్మునైపోయింది. ఎవరో, "ఏం పోతుంది సార్, అందరూ ఒప్పుకున్నారు గదా" అన్నారు. ఆ మాట వినగానే నా చెయ్యి లేచింది. గర్వంగా ఏం లేవలేదు, మెడ గోక్కోవడానికన్నట్టు లేచి అక్కడే ఆగిపోయింది. "మీరు కూడానా" అన్నాడు సెక్రటరీ. ఊఁ అన్నాను.

తీర్మానం పాసైంది. కాకపోతే ఆయన పెన్ను తీసి "ఏకగ్రీవంగా" అన్న మాట కొట్టేసి పైన "మెజారిటీతో" అని రాయాల్సి వచ్చింది. రాసేటప్పుడు మొహం మాడ్చుకున్నాడు.

మరుసటి రోజు మా ఇంట్లో పనిచేసే ఆమెతో నాతో పాటు లిఫ్టులో రమ్మన్నాను, ఎవరేమంటారో చూద్దామని. ఆమె రానంది. "మీకేం సార్, మాట పడేది నేను" అని చీపురు చంకలో పెట్టుకుని నాలుగో అంతస్తుకు మెట్లెక్కి వెళ్ళిపోయింది. నా లెక్క అక్కడ మళ్ళీ తప్పింది. ధర ఆమె చేత కట్టించబోయాను.

ఆ రాత్రి అత్తకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. కొంచెం మెచ్చుకుంటుందేమో అని ఆశ, అబద్ధం ఎందుకు. అంతా విని, "ఆయప్ప ముందు లేసినాడా, నువ్వు ముందు లేసినావా?" అని అడిగింది.

"ఆయనే."

"ఊఁ" అంది. తర్వాత వేరుశనగ బుడ్డలు పీకడానికి కూలోళ్ళు దొరకడం లేదని, దొరికినా పొద్దెక్కి వస్తారని చాలాసేపు తిట్టింది.